గంప దిగని కోడి

కోమల చేను నుంచి వచ్చేసరికి గంపలో కోడి లేదు.

గుడ్లున్నాయి. పదకొండూ ఉన్నాయి. ఊక మీద దిక్కులేనట్టు పడి ఉన్నాయి. పొదిగే కోడి కూడా రోజుకొకసారి గంప దిగుతుంది, కాదనలేం. దిగి నాలుగు గింజలు మింగి, రెండు గుక్కలు నీళ్ళు తాగి, దుమ్ములో ఒకసారి పొర్లి, ఎవరో తరుముతున్నట్టు మళ్ళీ వచ్చి ఎక్కి కూర్చుంటుంది. అలా దిగిందేమో అనుకుంది కోమల. నెత్తి మీది పత్తి మూటను అరుగు మీద పడేసి, "బ్బ... బ్బ... బ్బ" అని పిలిచింది. మహిళా సంఘం ఇప్పించిన సంకర కోళ్ళు నాలుగూ రెక్కలు కొట్టుకుంటూ ఉరికొచ్చాయి. రావలసింది రాలేదు. వంగి ఒక గుడ్డు మీద చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది.

అప్పుడు వచ్చింది వాసన. అల్లం వెల్లుల్లి, గసాలు, కాల్చిన ఎండుకొబ్బరి. పండగ లేదు, పబ్బం లేదు, నడి వారంలో ఇంట్లోంచి కోడికూర వాసన. కోమల పెంటకుప్ప వైపు చూసింది. నల్లటి ఈకలు తడిసి ముద్దగా పడి ఉన్నాయి. మెడ దగ్గరివి కొన్ని బంగారు రంగువి.

అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒక్క కోడికి ఇంత మంటా అనే వాళ్ళుంటారు. ఉన్నారు కూడా, కొంతసేపట్లో వాళ్ళ మాటా విందురు గాని. ముందు ఆ కోడి ఎవరో తెలియాలి. కోమల పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఇల్లు పోయింది, ఇంటి వెనక సీతాఫలం చెట్లు పోయాయి, తల్లి ఎక్కడో కాలనీలో ఇచ్చిన గదిలో ఏడాది కూడా బతకకుండా పోయింది. ఆ ఇంటి నుంచి కోమలకు మిగిలింది కోళ్ళ సంతు ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో తల్లి బుట్టలో పెట్టి పంపిన పెట్ట, దాని పిల్లలు, వాటి పిల్లలు. ఇరవై రెండేళ్ళుగా ఈ వాకిట్లో తెగకుండా నడుస్తూ వచ్చిన సంతు అది. మొన్న ఎండాకాలంలో కొక్కెర రోగం వచ్చి వారం తిరగకముందే పద్నాలుగు కోళ్ళను ఊడ్చుకుపోయింది. మిగిలింది ఈ నల్లపెట్ట. ఒకే ఒక్కటి.

దసరా వెళ్ళాక అది పొదుగుకొచ్చింది. ఒళ్ళు ఉబ్బించుకుని, దగ్గరికెళితే కుర్రుమంటూ మూలకు చేరి కూర్చుంది. సంఘం కోళ్ళు గుడ్లయితే రోజూ పెడతాయి గాని పొదగడం వాటికి చేతకాదు. ఈ పెట్ట కూర్చుంటే తప్ప సంతు నిలవదు. అది పొదుగుకొచ్చేలోగా పెట్టిన గుడ్లు ఒక్కటి కూడా వండకుండా కోమల కుండలో బియ్యం మీద దాచింది. పాతగంపలో ఊక పోసి, ఆ పదకొండు గుడ్లూ పేర్చి, చీకటి పడ్డాక కోడిని ఎక్కించింది. మర్నాడు పొద్దున ఇంట్లో ఉన్న మనిషికీ పక్కింటి మనిషికీ ఒకే మాట చెప్పింది. ఇరవై ఒక్క దినాలు ఎవ్వరూ గంప వైపు పోవద్దు.

ఇంట్లో ఉన్న మనిషి అంటే మొగుడు దశరథ్, ఆటో నడుపుతాడు. ఆ రోజు తలూపాడు కూడా. ఇవాళ పద్దెనిమిదో దినం.

ఇంట్లోకి వెళ్ళేసరికి దశరథ్, అతని బావ గాలయ్య ఎదురెదురుగా చాప మీద కూర్చుని తింటున్నారు. పక్కన రెండు క్వార్టరు సీసాలు, ఖాళీవి. గాలయ్య దశరథ్ పెద్దక్క మొగుడు. షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీకి కావలి కాస్తాడు. అక్క మొగుడంటే ఈ ఇంటికి అల్లుడు. అల్లుడు గడప తొక్కితే నాటుకోడి కోయాలి. ఉన్నా లేకున్నా కోయాలి, వాకిట్లో తిరిగేదైతే సంకరదైనా చెల్లుతుంది. బ్రాయిలర్ తెచ్చి వండారంటే ఆ మాట షాద్‌నగర్ దాకా పోతుంది, అక్కడి నుంచి చుట్టాలందరి ఇళ్ళకూ పోతుంది. మగవాళ్ళు దీన్ని మర్యాద అంటారు. ఆ మర్యాదకు కోడిని పెంచేది, వండేది, గిన్నెలు తోమేది ఎవరో అడగరు.

కోమల పళ్ళ మధ్య కోపాన్ని కరిచిపట్టి అడగవలసిన మాట అడిగింది.

"ఎప్పుడొచ్చినవ్ అన్నా? వదినె మంచిగున్నదా?"

"మంచిగున్నది చెల్లె. పగటీలికొచ్చిన. నువ్వు చేన్ల ఉన్నవంటే బామ్మర్దే వండిండు." గాలయ్య ఒక ఎముకను చీకి పక్కన పెట్టాడు. "ఏమనుకోకు గని, కోడి ముసలిదేమో. ఎంత నమిలినా బొక్కలే తగుల్తున్నయి."

"ముసలిది గాదన్నా. పద్దెనిమిది దినాల సంది మేత మాని గుడ్ల మీద కూసున్నది. దాని ఒంట్ల కండ ఏడికెల్లొస్తది? ఇంక మూడు దినాలైతే పిల్లలెళ్ళేవి."

గాలయ్య చేతిలో ముద్ద ఆగింది. దశరథ్ వైపు చూశాడు. దశరథ్ కంచంలోకి చూస్తున్నాడు.

"పొదిగే కోడినా? నాకొక్క మాట చెప్పొద్దా బామ్మర్దీ?"

"ఏమైతది బావా, తిను."

"ఏం తినాలె?" గాలయ్య కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు. "తప్పాయె చెల్లె. నాకు తెల్వది." చెప్పులు తొడుక్కుని, బండి స్టార్టు చేసి, మళ్ళీ వెనక్కి చూడకుండా పోయాడు.

బండి చప్పుడు మలుపు దాటేదాకా దశరథ్ ఓపిక పట్టాడు. తర్వాత లేచాడు.

"అన్నం ముంగట కెల్లి అల్లుణ్ణి లేపితివి గదనే! ఇజ్జత్ అంతా తీస్తివి!"

"ఎవ్వని ఇజ్జత్? పిల్లల తల్లిని కోసి పెట్టినోని ఇజ్జత్తా?"

"ఒక్క కోడికి గింత లొల్లా? ఆదివారం సంతల కొనుక్కొస్త. ఒకటి గాదు, రెండు కొనుక్కొస్త, సరేనా?"

"మా అమ్మ ఇంటి కోడి ఏ సంతల దొరుకుతదో చెప్పు. నేనే పోయి తెచ్చుకుంట."

దశరథ్ తుండుగుడ్డ కోసం చెయ్యి చాపాడు. కోమల వదల్లేదు.

"నాలుగు కోళ్ళు వాకిట్ల తిరుగుతుంటే దీన్నే ఎందుకు పట్టినవ్? దినాలు లెక్కవెట్టుకుంట నీకు రోజూ చెప్పిన. చెప్పిన్నా లేదా?"

దానికి అతని దగ్గర సమాధానం ఉంది, కానీ అప్పుడు చెప్పలేదు. తుండుగుడ్డ దులిపి భుజం మీద వేసుకుని బయటికి పోబోయాడు. గడప దగ్గర పుల్లమ్మ అడ్డం నిలబడింది.

పుల్లమ్మ పక్కింటి మనిషి, దశరథ్‌కు పెద్దమ్మ. పొద్దున్నే కళ్ళ పరీక్షకని జడ్చర్ల దవాఖానకు పోయి అప్పుడే బస్సు దిగింది. ఆమె ఇంట్లో ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కేకలు విని నేరుగా వచ్చింది, వస్తూనే గంపలోకి చూసింది.

"తిట్టుకునుడు తర్వాత గానీ. ఎంతసేపాయె కోడి లేక?"

"మూడైతుండె," అన్నాడు దశరథ్ నేల చూస్తూ.

"ఇప్పుడు ఆరు. కోమలా, గోరెచ్చని నీళ్ళు వెట్టు బిడ్డా. వేడి గావద్దు, గోరెచ్చగ."

బేసినులో నీళ్ళు పోసి, ఒక్కొక్క గుడ్డునే మెల్లగా వదిలారు. లోపల పిల్ల పెరిగిన గుడ్డు నీటి మీద తేలుతుంది, ఆ పిల్ల బతికి ఉంటే కదులుతుంది. నీళ్ళ అల సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. మొదటి గుడ్డు నిలకడగా తేలింది. చాలాసేపు అలాగే ఉంది. కోమల దాన్ని తీసి పక్కన పెట్టబోతుండగా, ఎవరూ ముట్టుకోకుండానే అది చిన్నగా ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది.

"ఉన్నది," అంది పుల్లమ్మ.

పదకొండులో తొమ్మిది కదిలాయి. రెండు కదల్లేదు. వాటిని పక్కన పెట్టేటప్పుడు కోమల మొగుడి వైపు చూసిన చూపుకు అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

గుడ్లు బతికున్నాయి సరే, వెచ్చదనం ఎక్కణ్ణుంచి తేవాలి? వెనకటి రోజులయితే అట్టపెట్టెలో బల్బు వేలాడదీస్తే సరిపోయేది. ఇప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ ఎల్ఈడీ బల్బులు, రోజంతా వెలిగినా చేత్తో పట్టుకోవచ్చు. పాత గుండుబల్బు ఏ దుకాణంలోనూ లేదు. పొదుగుకొచ్చిన కోడి ఊళ్ళో ఇంకొకటి ఉందా అంటే, రఘుపతి పటేలు భార్య ప్రమీలమ్మ దగ్గర మొన్నటిదాకా ఉంది. అది గుడ్లు పెట్టడం మానేసిందని, పొదుగు మాన్పించడానికి రెండు రోజుల కిందే నీళ్ళ తొట్టిలో ముంచి, ముక్కులో ఈక గుచ్చి వదిలింది. ఇప్పుడది గుడ్ల వైపు కూడా చూడటం లేదు.

కోమల చాప పక్కనున్న క్వార్టరు సీసాలు తీసింది. తర్వాత ఇంటి వెనక్కి వెళ్ళి, దడి సందులో మొగుడు తనకు తెలియదనుకుని దాచిన సీసాలన్నీ లాగి బయట పడేసింది. ఆరున్నాయి. కడిగి, వేడినీళ్ళు పోసి, మూతలు బిగించి, పాత రవిక గుడ్డలు చుట్టి గంపలో గుడ్ల చుట్టూ పేర్చింది. పైన ఆ పొద్దు ఏరిన పత్తి రెండు దోసిళ్ళు పరిచింది. ఒక గుడ్డు తీసి మూసిన కంటిరెప్పకు ఆనించి చూసింది. రెప్పకు కోడి ఒంటి వేడి తెలియాలి, చుర్రుమనకూడదు. రెండుసార్లు నీళ్ళు చల్లార్చాక వేడి కుదిరింది. అప్పుడు గంప తెచ్చి దశరథ్ ముందు పెట్టింది.

"కూసో."

"ఏంది?"

"పొదుగు."

దశరథ్ నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"నేను పొదుగుడేందే? పిస్సగిట్ల లేసిందా?"

"కోసినోడే కూసోవాలె. గంటకొకసారి సీసాలల్ల నీళ్ళు మార్చాలె. రెప్పకు పెట్టి సూడాలె. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి. ఆటో బంద్."

"నువ్వుండరాదు ఇంట్ల?"

"చేన్ల పత్తి పగిలి తెల్లగున్నది, పైన మబ్బు వట్టింది. ఒక్క వాన పడితే నల్లబడ్తది. కౌలు చేను నువ్వు ఏరుతవా? ఏరుతనంటే చెప్పు, నేను కూసుంట."

దశరథ్‌కు పత్తి ఏరడం రాదు. వచ్చినా ఏరడు. మగవాడు నడుం వంచి పత్తి ఏరితే చిన్నతనమని ఆ ఊళ్ళో ఒక లెక్క. గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రంతా పొయ్యి ఆరలేదు.

మర్నాడు కోమల చేలో పత్తి ఏరింది గాని, చేతులు పత్తి మీద, తిట్లు మొగుడి మీద. ఒక్కో కాయకు ఒక్కో తిట్టు. తిట్టేకొద్దీ కోపం తగ్గుతుందంటారు. కోమలకు పెరిగింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడెప్పుడు నోరు మూసుకుందో అవన్నీ వరసగా గుర్తొచ్చాయి. తల్లి పోయినప్పుడు అతను పదకొండో రోజు కర్మకు కూడా ఆగకుండా ఆటో కిరాయి ఉందని వెళ్ళిపోయాడు. అప్పుడూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. పుల్లమ్మ.

"కోమలా, నీ మొగడు గంపను నా ఒళ్ళె పెట్టి ఇప్పుడే వస్త పెద్దమ్మా అని పోయిండు. గంటన్నరాయె. నాకు మోకాళ్ళు లెవ్వవు, నీళ్ళెవ్వలు కాగవెట్టాలె?"

కోమల చేను గట్టు మీద నుంచి పరుగెత్తింది. ఇంటికొచ్చేసరికి పుల్లమ్మ గోడకు ఆనుకుని, గంపను ఒడిలో పెట్టుకుని, చీర కొంగు నాలుగు మడతలు వేసి కప్పి, పైన రెండు చేతులూ పెట్టి కూర్చుని ఉంది. సీసాలు చల్లబడ్డాయి. గుడ్డు రెప్పకు ఆనిస్తే వెచ్చదనం పోయిందో ఉందో తెలియనట్టుంది.

అప్పుడైనా అరవలేదు కోమల. ముందు పొయ్యి వెలిగించింది. నీళ్ళు కాచి, సీసాలు నింపి, గుడ్డలు చుట్టి, గుడ్లు సర్ది, వేడి రెప్పకు సరిపోయిందని చూసుకున్నాక గంప నెత్తికెత్తుకుంది. పుల్లమ్మ ఏడికి బిడ్డా అంటున్నా వినకుండా నడిచింది.

బస్టాపు దగ్గర చాయ్ హోటల్లో దశరథ్ మరో ముగ్గురితో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ స్నేహితులు ఫోన్లు చేసి పొదుగుకొచ్చినవంట గదా, ఎన్ని గుడ్లు పెట్టినవ్ అని నవ్వుతున్నారట. ఇంట్లో ఉంటే నిజమని ఒప్పుకున్నట్టవుతుందని, నాలుగు నిమిషాలు కనిపించి వద్దామని బయల్దేరాడట. ఆ నాలుగు నిమిషాలకు గంటన్నర పట్టింది. పక్క కుర్చీలో రఘుపతి పటేలు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. కోమల వాళ్ళు కౌలుకు చేసే చేను ఆయనదే. మామూలు రోజుల్లో అయితే ఆయన ఉన్న చోట కోమల కొంగు సర్దుకుని, తల వంచి, రోడ్డుకు అవతలి పక్క నుంచి పోయేది.

ఇవాళ నేరుగా హోటల్లోకి వచ్చింది. గంప దించి దశరథ్ ఒళ్ళో పెట్టింది.

"ఇగో. నీ బావకు పెట్టిన కోడి పిల్లలు. పొదుగు."

ముగ్గురూ పగలబడి నవ్వారు. దశరథ్ ముఖం నల్లబడింది. లేవబోయాడు, గంప ఒళ్ళో ఉంది, లేస్తే గుడ్లు పడతాయి. మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంటికి పదవే. ఇంటికాడ మాట్లాడుదాం."

"ఇంటికాడ గాదు. ఈడనే. నవ్వుతరని ఇల్లిడిసి వచ్చినవ్ గద, నవ్వెటోళ్ళ ముంగటనే కూసొని పొదుగు. పుల్లమ్మత్తకు డెబ్బై ఏండ్లు, కింద కూసుంటే లేవరాదు. ఆ ముసల్దాని ఒళ్ళె పెట్టొచ్చినవ్. సిగ్గున్నదా నీకు?"

రఘుపతి పేపరు దించాడు.

"ఏంది కోమలా ఇది? నలుగుట్ల మొగని ఇజ్జత్ తీస్తరా? కోడే గదా. ఎవ్వరింట్లన్న కోసుకోరా?"

కోమలకు మాట పడిపోవాలి. ఎప్పుడూ పడిపోతుంది. ఇవాళ పడలేదు. 

"కోసుకుంటరు పటేలా. మేమూ కోసుకుంటం. కూసున్నదాన్ని కొయ్యరు. పొదిగే కోడిని కోస్తే పోని ఇజ్జత్, పొదిగితే ఎట్ల పోతది? జర మీరే చెప్పుండ్రి."

రఘుపతి మళ్ళీ పేపరు ఎత్తాడు. నవ్వే ముగ్గురిలో ఒకడు ఇంకా నవ్వుతున్నాడు, మిగతా ఇద్దరూ చాయ్ గ్లాసుల్లోకి చూస్తున్నారు. ఆ సందులో గంపలోంచి చప్పుడు వచ్చింది.

చిన్న చప్పుడు. కీక్ అని ఒకటి. కాసేపాగి ఇంకొకటి. గుడ్డు పగలకముందే, పెంకు లోపలి నుంచే పిల్ల అరుస్తుంది. తల్లి ఉందో లేదో తెలుసుకోవడానికి అరుస్తుంది. కోడి ఉంటే పై నుంచి కుక్ కుక్ మని బదులిస్తుంది. ఇక్కడ బదులిచ్చేందుకు ఎవరూ లేరు. హోటల్ మనిషి స్టవ్ మంట తగ్గించాడు. నవ్వే వాడు నవ్వు ఆపాడు. మళ్ళీ కీక్ అంది.

దశరథ్ గంపలోకి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి తుండుగుడ్డ తీసి గంప మీద కప్పి, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుని లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. రోడ్డు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, గుంతలు చూసుకుంటూ మెల్లగా ఇంటికి నడిచాడు. కోమల పది అడుగుల వెనక నడిచింది. ఆమె కోపం ఇంచు కూడా తగ్గలేదు. గంప ఊగుతుందేమోనని మాత్రం అతని నడక వైపే చూస్తూ వచ్చింది.

ఇరవయ్యో దినం దశరథ్ వాకిలి దాటలేదు. ఫోను మోగితే తీయలేదు. సీసాల్లో నీళ్ళు మార్చాడు, రెప్పకు పెట్టి చూశాడు, పుల్లమ్మ చెప్పినట్టు గుడ్ల మీద తడిగుడ్డ విదిలించాడు. గుడ్లోంచి కీక్ మంటే ఎవరూ లేరనుకుని నాలుకతో టకటకమని బదులివ్వడం గోడవతల నుంచి పుల్లమ్మ విన్నది. ఆ సంగతి సాయంత్రం కోమలకు చెప్పింది. కోమల విననట్టు గిన్నెలు తోముకుంది.

ఇరవై ఒకటో దినం తెల్లవారుజామునే జల్లు పట్టింది. చేనుకు పోయే పని లేదు. ఏరగలిగినంత ఏరింది, మిగతాది తడిసిపోతే పోయింది. ఇద్దరూ గంపకు చెరోవైపు కూర్చున్నారు. పొద్దెక్కేసరికి మొదటి గుడ్డుకు బొడిపె లేచి, చిల్లు పడి, పెంకు చుట్టూ పగిలింది. తడితడిగా, నల్లగా, ఎముకల గూడులాంటి పిల్ల బయటికి జారింది. తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నానికి అయిదు. ఆరో పిల్ల సగం పగలగొట్టుకుని అలసిపోయి ఆగింది. దశరథ్ పెంకు ఒలవబోతే కోమల చెయ్యి పట్టి ఆపింది, ఒలిస్తే రక్తం కారి పోతుందని. కాసేపటికి అది ఒలవకుండానే పోయింది. మిగతా మూడూ కదల్లేదు.

తొమ్మిదిలో అయిదు. కోడి ఉంటే పదకొండులో పది లేచేవి. నల్లపెట్ట ఎప్పుడూ ఒకటికి మించి చెడగొట్టేది కాదు.

పిల్లలు ఆరి, బూరు విచ్చుకుని, సీసాల పక్కన ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. దశరథ్ చచ్చిన పిల్లను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు కోమల మళ్ళీ అడిగింది. ఈసారి అరవలేదు.

"నాలుగు కోళ్ళుండంగ దీన్నే ఎందుకు పట్టినవ్?"

అతను పిల్లను మెల్లగా నేల మీద పెట్టాడు.

"అవి ఉరికినయి," అన్నాడు. "ఇల్లంతా ఉరికిచ్చిన. ఒకటి దడి దుంకింది, రెండు యాపచెట్టెక్కినయి. బావ సూస్తుండె. ఇది ఉరకలే."

కోమల గంపలోని సీసా ఒకటి పిల్లల దగ్గరికి జరిపింది.

"చెయ్యి పెడితే పొడిచింది. రెండు సార్లు పొడిచింది." కుడి చెయ్యి చూపించాడు. బొటనవేలి దగ్గర పక్కు కట్టిన రెండు గాట్లున్నాయి. "పొడిచింది గని లెవ్వలే. రెక్కలు ఇంకింత పరుచుకొని కూసున్నది. మెడ వట్టి లేపిన. రెక్క సందున ఒక గుడ్డు ఇరుక్కొని దాంతోని పైకొచ్చింది. పడి పలుగుతదని, మెల్లగ తీసి మల్ల గంపల పెట్టిన."

"గుడ్డును పెట్టినవ్."

"ఆ."

"గుడ్డు పలుగుతదని తెలిసె. దాన్ని తీసి గంపల పెట్టబుద్ధాయె." కోమల గొంతు పూర్తిగా లేచింది. మూడు రోజులుగా తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. "గుడ్డును పెట్టిన చెయ్యితోనే కోడిని పెట్టరాకపాయెనా?"

దశరథ్ తల ఎత్తలేదు. భుజాలు ఒకసారి కదిలాయి. ఏడుస్తున్నాడని కోమలకు తెలిసింది. తెలిసినా జాలి కలగలేదు. తన మీద తనకే ఆశ్చర్యమేసింది, కానీ కలగలేదు. కోడి ఉరకలేదు. ఉరికి ఉంటే బతికేది. పిల్లల కోసం కూర్చున్నందుకు చచ్చింది, చంపినవాడికి అది సులువైంది. ఆ సంగతి మనసులోకి వెళ్ళిన కొద్దీ కళ్ళు మండుతున్నాయి.

జల్లు ఆగింది. పుల్లమ్మ గోడ మీదుగా తొంగి చూసి, అయిదని లెక్కపెట్టుకుని, దేవునికి ఒక దండం పెట్టి, వీళ్ళ ముఖాలు చూసి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. సంఘం కోళ్ళు వాకిట్లో తడిసిన మట్టి కెలుకుతున్నాయి. గంపలో పిల్లలు లేచి కీచుకీచుమంటూ, సీసాల్ని వదిలేసి, దశరథ్ చెయ్యి ఎటుంటే అటు చేరుతున్నాయి. చెయ్యి తీస్తే గోల, పెడితే మౌనం. అతను చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నాడు.

"కోమలా."

ఆమె పగిలిన పెంకులు ఏరుతోంది.

"ఇంక కోపం ఇడువవా?"

"ఇడువ."

"మరెప్పుడు ఇడుస్తవే?"

కోమల నూకలు పోయడానికి చిన్న మూకుడు తెచ్చి కింద పెట్టింది. ఇవాళ పిల్లలు తినవు, రేపటికి కావాలి.

"ఇవి పెద్దగ గావాలె. అందుల ఒక్క పెట్టన్న ఉండాలె. అది గుడ్లు పెట్టాలె, పొదుగ కూసోవాలె. ఆ ఇరవై ఒక్క దినాలల్ల నీ బావ గాదు, ఇంకెవ్వలొచ్చి ఈ చాప మీద కూసున్నా, నువ్వు గంప దిక్కు పోకుండ ఉండాలె. పిల్లలన్నీ లేసి తల్లి ఎన్క వాకిట్ల తిరగాలె. గప్పుడడుగు."

దశరథ్ మనసులో నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"గదంటే ఏడాది పడ్తది గదనే," అన్నాడు.

"పట్టనీ," అంది కోమల.